వెనకగది మిషను

దర్జీ కొట్టు వెనకగదిలో తండ్రీ కూతుళ్లు. సభకు బయలుదేరే వేళయింది. తండ్రి ఇంకా చెప్పులు వేసుకోలేదు.

"మళ్లీ మొదటినుంచి చెప్పు నాన్నా. కాస్త గట్టిగా."

"చెప్పాగా."

"గొణిగావు. అక్కడ హాలు నిండా జనం. చట్టం చేసేవాళ్లు ఎదురుగా కూర్చుంటారు. ఏ జబ్బయినా అందరికీ ఉచితంగా చూడాలని ఆ చట్టం. మనలాంటి వాళ్లు లేచి తమ ఇంట్లో జరిగింది చెప్పాలి. పాలాయన తన కొడుకు గురించి చెబుతాడు, టీచరమ్మ తన కళ్ల గురించి. నువ్వు అమ్మ గురించి."

"వాళ్లకి నోరుంది. నాకు సూదే ఉంది."

"జోకులొద్దు. చెప్పు."

"మా ఆవిడ... పోయింది."

"ముందే చంపేస్తే ఎలా! ఆస్పత్రి దగ్గర మొదలుపెట్టు."

"కడుపులో గడ్డలా తగులుతోందని వెళ్లింది. సర్కారు ఇచ్చిన ఆరోగ్య కార్డు చూపించింది. ఆ పరీక్షకి ఈ కార్డు పనికిరాదు, సొంతంగా కట్టుకోవాలన్నారు. సరేనని ఇంటికొచ్చి వంట చేసింది."

"నీకు చెప్పిందా?"

"చెబితే మిషను అమ్మేస్తానని తెలుసు దానికి."

"ఈ ముక్క వదలకు. తర్వాత?"

"తర్వాత చిక్కిపోయింది. నా కంటపడకూడదని, నేను ముందు కొట్లో కునుకు తీసే వేళ చూసి, ఈ మిషను మీద తన జాకెట్లు తనే బిగించుకుంది. ఊరందరి కొలతలూ తీసేవాణ్ని. ఒంటికి అతికినట్టు వేసుకుని ఎదురుగా తిరుగుతుంటే, బాగానే ఉందిలే అనుకున్నా. పోయాక ఆ జాకెట్ల కుట్లు చూస్తేగానీ తెలీలేదు."

"అంతే. అలాగే చెప్పు. కావాలంటే మధ్యలో ఆగి, నీళ్లు తాగి, మళ్లీ చెప్పు."

"ఆ చప్పుడు సంగతి కూడా చెప్పనా?"

"ఏ చప్పుడు?"

"మధ్యాహ్నం కునుకు పట్టగానే ఈ గదిలోంచి వినిపిస్తోంది. కాసేపు టకటకా. ఆగుతుంది. మళ్లీ టకటకా. అచ్చం మీ అమ్మ తొక్కినట్టే."

"ఆ మాట అక్కడ అనకు నాన్నా. దెయ్యాల కథ చెప్పడానికొచ్చాడనుకుంటారు."

"అనుకోనీ. మొన్న లేచొచ్చి చూశా. గదిలో ఎవరూ లేరు. పెరటి తలుపు తీసుంది. చక్రం ఇంకా ఆడుతోంది."

"ఎలకేమో."

"ఎలక మిషను తొక్కుతుందా?"

"గాలేమో. నాకేం తెలుసు? చెప్పులు వేసుకో."

"పోయాక కూడా మీ అమ్మ ఇంకా చిక్కిపోతోందేమోనని భయమేసిందే అమ్మా నాకు."

"ఊరుకో నాన్నా. ఊరుకో."

"ఇందాక నువ్వు స్నానానికెళ్లినప్పుడు బాబిన్ తీసి చూశా. నీలం దారం ఉంది."

"ఉంటే?"

"మీ అమ్మ నీలం వేసుకోదు. ఎన్నడూ వేసుకోలేదు."

"ఎప్పటిదో పాత దారం. పద పద, బస్సు పోతుంది."

"నీ ఒంటిమీది జాకెట్టు నీలం."

"లోకంలో సగం జాకెట్లు నీలమే!"

"దాన్ని కుట్టింది నేను. పోయినేడు. చెయ్యెత్తు."

"ఇప్పుడా? టైమవుతోంటే..."

"చెయ్యెత్తమ్మా. అంచు తిప్పి చూడనీ."

"నాన్నా, వద్దు."

"మీ అమ్మా ఇలాగే అనేది, వద్దూ వద్దూ అని. ఎత్తు."

"ఇదిగో, ఎత్తా. తొందరగా చూడు."

"నేను పక్కన రెండు కుట్లు వేస్తా, ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి. ఇదొకటి, ఇదొకటి. ఇవి నావి. మరి లోపల ఈ కుట్టెవరిది? దాని లోపల ఇదెవరిది?"

"చెయ్యి లాగుతోంది. దించనీ."

"దించు. మధ్యాహ్నాలు ఆ మిషను తొక్కేది..."

"నేనే."

"దెయ్యమైనా బాగుండేదే తల్లీ! ఎక్కడ తగులుతోంది?"

"అమ్మకి తగిలిన చోటే."

"మరి చూపించుకోలేదేం?"

"నాదీ ఆ కార్డే కదా. నువ్వు ఇవాళ బాగా చెబితే... ఆ చట్టం వచ్చాక వెళ్దామనుకున్నా నాన్నా."