డీజిల్ వాసన

వర్ని వారపు అంగడి నుంచి మోస్రాకు ఎడ్లబండి వస్తోంది. కాలవ వంతెన దాటినా లింగవ్వకు, ఆమె మగడికి మధ్య తగవు తెగలేదు. బోధన్‌లో వెంకట్రావు డీజిల్ ఇంజన్ వేయించిన తన పాత అంబాసిడర్ అమ్ముతానన్నాడు. అది కొందామని మగడి పట్టు.

"గా డీజిల్ వాసన నాకు పడది. కడుపుల తిప్పుతది."

"బాయికాడ ఇంజన్ పక్కకే కూసొని సద్ది తింటవు. గప్పుడు తిప్పని కడుపు కార్ల తిప్పుతదా?"

"చప్పుడు గూడ ఎక్కువే. నువ్వొకటంటే నాకొకటి ఇనవడ్తది."

"కారైతే అర్ధగంటల ఇంటికాడ ఉంటం. ఇగ మాటలెందుకే? దాని స్టీరింగ్ పట్టుకున్నప్పటి సంది నాకు నిద్ర పడ్తలేదు!"

లింగవ్వ కొంగు అంచును వేలికి చుట్టుకుంది.

"ఇంట్ల పదునాలుగు మందిమి. పొద్దంత నీతోని ఏం మాట్లాడుత? ఇంకింత పులుసు పొయ్యాల్నా అని అడుగుత, గంతే. అంగడి నాడు గీ బండిల రెండు గంటలు నువ్వు నా మగనివి. గది సుత అర్ధగంట జేస్తవా?"

అతడు పగ్గాలు వదులు చేశాడు. ఎడ్లు ఇంకా మెల్లగా నడిచాయి.

"గిట్లయితే రేపటికి చేరుతం," అని నవ్విందామె.

"చేరనియ్యి. మీ అక్క బిడ్డ ముచ్చట సగంల ఆపినవు, చెప్పు."

ఇంటి ముందు అందరూ కాచుకుని ఉన్నారు.

"కారు ఖాయమేనా అన్నా?" చిన్న తమ్ముడు ఎదురొచ్చాడు.

అతడు తలపాగా విప్పి దులుపుతూ, "కొంటలేం," అన్నాడు. "డీజిల్ వాసన నాకు పడ్తలేదు."