ఈ ఏడు ఫ్యాన్ వంతు వెండెల్‌ది

మే మొదటివారం, సాయంత్రం అయిదు. సటన్స్ బే ఊరు దాటాక అక్క ఆర్డిస్ చెర్రీ తోట, ట్రాక్టరు షెడ్డు ముందు. తమ్ముడు వెండెల్ ఇప్పుడే బండి దిగాడు. చలి రాత్రుల్లో పైనున్న వెచ్చగాలిని పూత మీదికి తోసే పెద్ద ఫ్యాన్ ఇద్దరి తోటలకీ కలిపి ఒక్కటే ఉంది.

“...అదిగో, మళ్ళీ! రాగానే ఆ కొక్కెం పిన్ను మీద చెయ్యెందుకు వేస్తావు? ఫ్యాన్ ట్రాక్టరుకి తగిలించి అరగంటయింది. నువ్వు లాక్కుపోవడమే తరువాయి.”

“ఊరికే చూస్తున్నానక్కా. తుప్పు పట్టిందేమోనని.”

“తుప్పూ లేదు, గిప్పూ లేదు. వదులు. రేడియో విన్నావా?”

“విన్నా.”

“రాత్రికి ఇరవై ఆరు డిగ్రీల ఫారన్‌హీటట! ముప్పై రెండుకే నీళ్ళు గడ్డకడతాయి, ఇరవై ఆరంటే పూత బతుకుతుందా? మబ్బు కూడా పోయింది చూడు. ఇందాకటిదాకా కాస్త గాలుంది, అదీ పడిపోతోంది.”

“బే నీళ్ళ మీద ఇంకా అలలున్నాయిలే.”

“ఏం అలలు? చలికాలమంతా బే గడ్డకట్టనే లేదు. మార్చిలో ఎండలు కాశాయి, చెట్లు పిచ్చెక్కినట్టు పదిరోజులు ముందే పూశాయి. నీవీ అంతేగా?”

“ఆఁ... అంతే. కాఫీ ఉందా?”

“కాఫీ ఏంట్రా ఇప్పుడు! పూర్తిగా విచ్చాయా, ఇంకా మొగ్గలోనే ఉన్నాయా?”

“నీ మోకాలెలా ఉంది?”

“నా మోకాలికేం, కొత్తది. నేనడిగింది చెట్ల సంగతి.”

“ఆపరేషనయ్యాక ట్రాక్టరు ఎక్కొద్దన్నారుగా. ఎక్కావా?”

“ఎక్కా. నేను కాకపోతే ఎవరెక్కుతారు, నా పిల్లి ఎక్కుతుందా? ఒరే వెండెల్, వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా, ఒక్కచోట నిలబడవు, నా మొహం చూడవు. ఏంటి?”

“ఏం లేదు. ఫ్యాన్ ఈ రాత్రికి నువ్వే ఉంచుకో.”

“ఏంటీ?”

“నీ చెట్లు పల్లంలో ఉన్నాయి. చలిగాలి అంతా జారొచ్చి నిలిచేది నీ దగ్గరే. ఉంచుకో.”

“నీవేమన్నా కొండెక్కి కూచున్నాయా? మీ ఇంటి వెనక గుంట నా పల్లం కన్నా లోతు. నాన్న ఏమని పెట్టాడు? సరి సంవత్సరం నాది, బేసి సంవత్సరం నీది. ఇది నీ ఏడు.”

“నాన్న పోయి పదకొండేళ్ళయిందక్కా.”

“అయితే? మాట కూడా పోయిందా?”

“అది కాదు...”

“ఏది కాదు? నాకు ఉంచుకోవాలని లేదనుకుంటున్నావా? పొద్దుట్నుంచీ ఈ చెట్ల మధ్యన తిరిగి తిరిగి కాళ్ళు పీకుతున్నాయి. ఈ పూత కాస్తా పోతే ఈ ఏడంతా నేనేం చూసుకుని బతకాలి? అయినా సరే, నీ వంతు నీదే. మళ్ళీ ఆ పని చెయ్యను.”

“ఏ పని?”

“తెలీనట్టు మాట్లాడకు. రెండేళ్ళ కిందట కూడా నీ వంతే. ఫోన్ చేసి ఏడ్చా. నువ్వు ఒక్క మాటనకుండా తెచ్చి ఇక్కడ నిలబెట్టి వెళ్ళావు. తెల్లారేసరికి నా పూత తెల్లగా ఉంది. నీది గోధుమరంగు తిరిగింది.”

“అది అయిపోయిందిగా.”

“నీకయిపోయిందేమో. నాకవ్వలేదు. ఆ ఆదివారం చర్చిలో నీ పక్కన కూచుని నోరు తెరిచి పాడలేకపోయా.”

“నువ్వెప్పుడూ నోరు తెరిచి పాడకపోతేనే పాస్టరుగారికి హాయి.”

“నవ్వించకు! ఆ మాటకొస్తే, ఇప్పుడు చర్చిలో నీ తోట పేరెత్తితే అందరూ కాఫీ కప్పుల్లోకి చూస్తారెందుకు? మొన్న శుక్రవారం అక్కడి చేపల విందులో మన చర్చి హిల్డాని అడిగా, ‘మా వాడి పూత ఎలా ఉంది, అటుగా వెళ్ళావా’ అని. బంగాళాదుంపలు తెస్తానని లేచిపోయింది. మళ్ళీ రాలేదు.”

“హిల్డాకి బంగాళాదుంపలంటే ఇష్టం.”

“వెండెల్!”

“సరే, విను. నేను హెలికాప్టరు మాట్లాడుకున్నా. పై వెచ్చగాలి కిందికి దిగేలా తెల్లవారుజామున నా తోట మీద తిప్పుతారు. అందుకని ఫ్యాన్ అక్కర్లేదు.”

“ఎవర్ని మాట్లాడుకున్నావు?”

“అదే... ఎప్పుడూ వచ్చేవాళ్ళని.”

“ఉన్నది ఇద్దరు. పొద్దున్న ఇద్దరికీ నేనే ఫోన్ చేశా, నీ కోసమా నా కోసమా అని కూడా చూసుకోకుండా. ఇద్దరూ కొండవతల పెద్ద తోటలకి కుదిరిపోయారు. నీకు అబద్ధం చిన్నప్పుడూ చేత కాలేదు.”

“సరే, హెలికాప్టరు లేదు. అయినా ఫ్యాన్ నువ్వే ఉంచుకో.”

“ఓహో. నాకర్థమైంది. నేను ముసలిదాన్ని, కుంటిదాన్ని, జాలి పడుతున్నావు.”

“జాలేంటక్కా?”

“మరి? నీ పూత మంచుకి వదిలేసి నాకు దానం చేస్తావా? పెద్ద త్యాగమూర్తివి! నాకొద్దు నీ దానం. జరుగు.”

“ఎందుకు?”

“ట్రాక్టరెక్కాలి. నువ్వు తీసుకెళ్ళకపోతే నేనే లాక్కొచ్చి, నీ గుంట నడిమధ్యన నా చేత్తో నిలబెట్టి, ఇంజిన్ వేసి మరీ వస్తా.”

“వద్దక్కా. నువ్వు మా ఇంటికి రావద్దు.”

“రావద్దా? మన నాన్న నాటిన చెట్ల దగ్గరికి నన్ను రావద్దంటావా? క్రిస్మస్ తర్వాత ఇంతవరకు ఆ గడప తొక్కలేదు నేను. రమ్మని ఒక్కసారన్నా పిలిచావా? మోకాలు నొప్పి కదా, మోకాలు నొప్పి కదా అంటూ నువ్వే ఇక్కడికొచ్చి పోతున్నావు. జరగరా!”

“ట్రాక్టరు తాళం ఇలా ఇవ్వు.”

“ఇవ్వను.”

“ఇవ్వక్కా. లేకపోతే పిన్ను తీసేస్తా చూడు. పొద్దు వాలుతోంది, ఫ్యాన్ నీ పల్లంలో దింపాలి, డీజిల్ చూసుకోవాలి...”

“పిన్ను ముట్టుకుంటే చెయ్యి విరుస్తా! నీ చెట్లు చచ్చిపోతాయిరా వెండెల్, రెండోసారి నా మూలాన చచ్చిపోతాయి! ఏం మనిషివి నువ్వు? నీకు దిగుల్లేదా?”

“అక్కడ చెట్లు లేవక్కా.”

“ఏంటి?”

“పీకించేశా. ఫిబ్రవరిలో. మిషను తెచ్చారు, రెండు రోజుల్లో అయిపోయింది.”

“అన్నీనా?”

“అన్నీ. ఊళ్ళో అందరికీ తెలుసు. నీకు చెప్పొద్దని ఒక్కొక్కళ్ళనీ బతిమాలుకున్నా.”

“నా వల్లే. ఆ రాత్రి నేను ఫోన్ చెయ్యకపోతే...”

“ఇదిగో, ఇందుకే చెప్పలేదు. నువ్విలా అంటావనే చెప్పలేదు. ఆ ఒక్క ఏడాదితో పోలేదక్కా. అంతకుముందు రెండేళ్ళూ అంతే. నా వల్ల కాలేదు, అంతే.”

“దేవుడా. నాన్న నాటినవి.”

“ఏడవకు. కూచో. ముందు ఆ ట్రాక్టరు మెట్టు దిగు, మోకాలు జాగ్రత్త.”

“మరి నీకు ఫ్యాన్ అక్కర్లేకపోతే, ఫోన్‌లో చెప్తే సరిపోయేదిగా? ఇరవై మైళ్ళు ఎందుకు పడొచ్చావు?”

“మధ్యాహ్నం గాలి తగ్గడం చూసి, అలవాటుకొద్దీ చొక్కా మీద కోటు వేసుకుని చెట్ల దగ్గరికి పరిగెత్తానక్కా. వెళ్తే ఉత్త మట్టి. ఇవాళ రాత్రి నన్ను నీ చెట్ల దగ్గర కాపలా ఉండనివ్వు.”