గొడుగు ఎలుగు గొంతు

“తప్పు మాట్లాడుతున్నావ్ తమ్ముడూ! ఒక్క ఆట చూసొచ్చి తీర్పు చెప్పేస్తావా? గొడుగు ఎలుగు గురించి నా ముందు నోరెత్తడానికి సిగ్గుండాలి నీకు!”

సైకిల్ మెకానిక్‌ని ఇలా కసిరి, పెయింటర్ టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు. మెకానిక్ చేసిన నేరం పెద్దదేం కాదు. ఎదురు హాల్లో ఆడుతున్న సినిమాని పిల్లలతో చూసొచ్చి మనసులో మాట చెప్పాడు. చిన్నప్పుడు ప్రాణంగా చూసిన ఆ గొడుగు ఎలుగుబంటి కార్టూన్‌ని ఇప్పుడు సినిమాగా తీశారు. పాత బాణీ మొదలవగానే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయట. ఎలుగు నోరు విప్పేసరికి మాత్రం, ఎవరో పరాయివాడు మన చొక్కా తొడుక్కుని వచ్చినట్టు అనిపించిందట.

“బాగుందనలేను, బాగాలేదనీ అనలేను” అన్నాడు పాపం.

వారం నుంచీ ఇలాంటి మాటలే వింటున్న హాలు మేనేజర్, గుమ్మం ముందు పాత ఎలుగు బొమ్మని చేత్తో వేయించి పెడదామనుకున్నాడు. అందుకే పెయింటర్‌ని టీకొట్టుకి రమ్మన్నాడు. అచ్చు బోర్డులు వచ్చాక నాలుగేళ్ళుగా పెయింటర్‌కి చెప్పుకోదగ్గ పని లేదు. ఈ పని అతనికి ఎంత కావాలో కొట్టులో అందరికీ తెలుసు. మేనేజర్ అడిగింది ఒకటే: “ఆ కార్టూన్ చూశారా?”

“చూళ్ళేదు, బొమ్మ చూపిస్తే వేస్తాను” అంటే సరిపోయేది. అతని చెయ్యి అంత మంచిది. నోరే మంచిది కాదు.

“చూడ్డమేంటి మేనేజర్ గారూ! మీ హాలు పేరుందే, పైన ఆ ఎర్రక్షరాలు, అవి రాసింది నేనే. హాలు కట్టిన కొత్తలో, మూడ్రోజులు నిచ్చెన మీదే ఉన్నాను. చివరక్షరం ఆరుతుండగా కింద కారు ఆగింది. అందులో ఎవరో తెలుసా? ఆ కార్టూన్ తీసేవాళ్ళు! రంగు వాసనకి నేను దగ్గుతున్నాను. ‘బాబూ, ఇంకోసారి దగ్గు’ అన్నారు. దగ్గాను. ‘ఎలుగుకి గొంతు దొరికింది!’ అని ఒకళ్ళనొకళ్ళు వాటేసుకున్నారు.”

మెకానిక్‌కి టీ పొలమారింది. “ఎలుగుకి గొంతా?”

“గొంతే మరి! స్టూడియోలో మైకు ముందు నిలబెట్టారు. ఒక్కసారి గుర్రుమన్నానంతే, మైకు మాడిపోయింది. ఇంకోటి తెచ్చారు, అదీ మాడింది. చివరికి నన్ను ఇక్కడ నిలబెట్టి, మైకుని పక్క ఊళ్ళో పెట్టి రికార్డు చేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“చెప్పన్నా” అంది టీకొట్టు నడిపే ఆమె, గ్లాసులు కడుగుతూనే.

“మొదటి రోజు టీవీలో నా గొంతు వినగానే అడవిలో ఎలుగులన్నీ వరస కట్టి మా వీధికొచ్చేశాయి! తమ పెద్దాయన పిలుస్తున్నాడనుకున్నాయి. మా ఆవిడ ఒక్కోదానికీ చాప వేసి కూర్చోబెట్టింది. చాపలు చాలక ఆఖరి నలభైనీ మేడెక్కించాం.”

“కరవలేదా?” అన్నాడు మెకానిక్.

“పెద్దవాళ్ళ ముందు కరుస్తాయట్రా? నీకున్నపాటి మర్యాద వాటికుండదా? సరే, ఇక ఈ సినిమావాళ్ళు. విమానంలో వచ్చారు. దిగడానికి చోటు లేకపోతే, డాబా మీద బట్టల తీగ విప్పించి దించాను. గొంతివ్వమని కాళ్ళు పట్టుకున్నారు. ఇవ్వనన్నాను! ఎవడి గొంతో అతికించుకున్నారు. అందుకే నీకు పరాయివాడిలా అనిపించింది. నా గొంతు లేని ఎలుగు ఎలుగేనా?”

టీకొట్టు ఆమె చేతులు తుడుచుకుని, మూలనున్న గొడుగు తీసింది. టప్పున తెరిచి మూసింది. మళ్ళీ తెరిచి మూసింది.

మెకానిక్ కడుపు పట్టుకుని నవ్వాడు. మేనేజర్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. పెయింటర్ మాత్రం ఆకాశంకేసి చూశాడు.

“ఏం చెల్లెమ్మా, వానొస్తోందా?”

“వానా రాదన్నా, ఎలుగుకి మాటలూ రావు” అందామె నెమ్మదిగా. “కార్టూన్ మొత్తం మీద అది ఒక్క మాటా మాట్లాడలేదు. అవునంటే గొడుగు ఒకసారి తెరిచేది, కాదంటే రెండుసార్లు. చూసిన పిల్లలందరికీ తెలుసు.”

మేనేజర్ లేచాడు. పెయింటర్ వెనకే రెండడుగులు వేశాడు. “ఎలుగు సంగతి వదిలెయ్యండి సార్. ఆ ఎర్రక్షరాలు మాత్రం నిజంగా నావే.”

“అలాగే లెండి. మీ ఎలుగుల్ని సాక్ష్యం తీసుకురండి” అని మేనేజర్ రోడ్డు దాటేశాడు.

అంత సేపట్లో పెయింటర్ చెప్పిన నిజం అదొక్కటే. దాన్ని తానే అబద్ధాల మధ్య పడేశాడు.

మూడో రోజు హాలుకి సినిమా ఎలుగు బొమ్మతో అచ్చు బోర్డు వచ్చింది. దాన్ని గుమ్మం పైన బిగించడానికి మెకానిక్ నిచ్చెనెక్కాడు. ఏదైనా పని దొరుకుతుందేమోనని వచ్చిన పెయింటర్, నిచ్చెన పట్టుకున్నాడు. బోర్డు సరిగ్గా ఆ పాత అక్షరాల మీదికే వచ్చింది. ఆఖరి మేకు కొట్టబోతూ మెకానిక్ ఆగాడు. చివరక్షరం తోక దగ్గర బుల్లి కుంచె బొమ్మ. తన షాపు బోర్డు మీద పెయింటర్ వేసిన గుర్తే.

“అన్నా! నీ గుర్తు ఇక్కడుంది! నిజంగానే నువ్వు రాశావా?”

గుమ్మంలో మేనేజర్ నవ్వాడు. “నువ్వూ మొదలెట్టావా? కానియ్యి, మేకు కొట్టు.”

కింద పెయింటర్ నోరు తెరిచాడు. మేనేజర్ మొహం చూసి మూసుకున్నాడు. నిచ్చెన గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

మేకు దిగింది. అతని అక్షరాల మీద కొత్త ఎలుగు నోరు బార్లా తెరుచుకుని నవ్వుతోంది.