భుజాల కొలత ఎరిగిన మా టేప్ మేడమ్

1992 జూన్ ఒకటో తేదీ ఉదయం అయిదున్నరకు, మెడలో ఈలతోపాటు దర్జీల కొలత టేపు కూడా వేసుకుని, మన ఈత శిక్షణ కేంద్రంలో మహిళల జట్టు శిక్షకురాలిగా మా టేప్ మేడమ్ బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి రెండేళ్ళుగా పురుషుల జట్టును నడుపుతున్న ఈ వ్యాసకర్త ఆ టేపును చూసి నవ్వాడు. ఆ నవ్వు ఏడాది నిలవలేదు.

ప్రతి నెలా మొదటి సోమవారం వారు తమ జట్టు భుజాలు, చాచిన చేతులు, నడుము కొలిచి పుస్తకంలో రాసేవారు. ఏళ్ళ తరబడి నీటిని వెనక్కి నెట్టిన దేహంలో వీపు విసనకర్రలా విచ్చుకుంటుందనీ, ఆ మార్పు స్త్రీ పురుషులలో ఒక్క తీరుగా ఉండదనీ ఆ పుస్తకమే మనకు నేర్పింది. అబ్బాయిలకు భుజబలం త్వరగా వస్తుంది, కాని బరువైన కాళ్ళు మునుగుతాయి; అమ్మాయిల నడుము సాధారణంగా తేలికగా తేలుతుంది. ఒకసారి ఒక తల్లి కన్నీళ్ళతో వచ్చింది.

"మా పిల్లకి మగరాయుడి భుజాలొచ్చాయండీ, ఏ చొక్కా పట్టట్లేదు."

"చొక్కా కుట్టిస్తే వస్తుందమ్మా. ఆ భుజాలు కుట్టిస్తే వస్తాయా?" అన్నారు వారు.

పదేళ్ళు వరుసగా మన కేంద్రానికి వచ్చిన పతకాలన్నీ వారి జట్టువే. ఈ వ్యాసకర్తకు అసూయ కలిగింది. మర్యాద కోసం మరో పదం వెతకదలచలేదు. చివరికి అతని భార్య సైతం ముప్పయ్యో ఏట ఈత నేర్వడానికి వారి దగ్గరికే వెళ్ళింది. "ఇంట్లో నన్ను పెట్టుకుని అక్కడికెందుకు?" అంటే, "మీరు గట్టు మీంచి అరుస్తారు, ఆవిడ నీళ్ళలోకి దిగుతారు" అంది.

ఆ కుళ్ళుతోనే ఒకనాడు వారి బల్లపై ఉన్న అమ్మాయిల సాధన పట్టికను చాటుగా నకలు తీసి, అబ్బాయిలకు అమలు చేశాడు. తేలే నడుములకు రాసిన ఆ పట్టికలో కాళ్ళకు పని తక్కువ, చేతులకు ఎక్కువ. మునిగే కాళ్ళను ఈడ్చలేక మూడు వారాల్లో నలుగురు భుజాలు పట్టుకుని కూర్చున్నారు. మర్నాడు అతని బల్లపై ఒక కాగితం: "మాస్టారూ, కాళ్ళ పని రెట్టింపు చేయండి. ఒకరి చొక్కా తొడుక్కునేముందు కొలత చూసుకోవద్దూ?" కింద అబ్బాయిల కోసమే రాసిన కొత్త పట్టిక. ఆ సంగతి వారు ఎవరితోనూ అనలేదు.

ఆ ఏడు పురుషుల జట్టు గెలిచింది. 'నూతన సాధన పద్ధతి'కి ఉత్తమ శిక్షకుడి షీల్డు ఈ వ్యాసకర్త పేర వచ్చింది. పుచ్చుకున్నాడు. "చెప్పేయండి, తేలికపడతారు" అని భార్య ఎన్నిసార్లన్నా చెప్పలేదు. ఆరేళ్ళ కిందట ఆమె కన్నుమూసినప్పుడు అతడు పదిహేను రోజులు రాలేదు. తిరిగి వచ్చి చూస్తే అబ్బాయిల సాధన ఒక్క పూటా ఆగలేదు. ఆ నెల అబ్బాయిల కొలతలు కూడా వారి చేతిరాతలో ఉన్నాయి.

ఆ పద్ధతి వారిదని ఈ పదవీ విరమణ సంచిక ముఖంగా విన్నవించడమైనది. కార్యాలయం గోడమీది షీల్డును నిన్ననే దింపి, పేరు మార్పించి తగిలించాడు. వారు కళ్ళజోడు సవరించుకుని చదివి, "ఇరవై రెండేళ్ళకి కొలత సరిపోయింది మాస్టారూ" అన్నారు.

రేపటినుంచి వారు ఈలా గడియారమూ లేకుండా కేవలం తమకోసం ఈదుతారట. అదీ ఈ వ్యాసకర్తకు అసూయే. ఆ భుజాలు వంగకుండా, ఆ ఊపిరి తగ్గకుండా నిండు నూరేళ్ళూ ఈదుతూ, వారు ఆ అసూయను చల్లారనివ్వకూడదని మనసారా ఆకాంక్ష.