అయిదు వేల ఎంటికల లెక్క

హలో… ఆ, నేనే. గొంతు తెలవలేదా అన్నా? కార్తీశ్వరిని… ఫోను ఆయనదే. ఈరోజు మా వీధికి నీళ్లు వదిలినారు. డ్రమ్ములన్నీ నింపి, స్నానం చేసి గాని రారు. నాకు చెప్పు…

సంతోషమైన వార్తా?… ఆయనకే చెప్పాలా? ఏంటికి?

పెండ్లై రెండు నెలలు కాలేదు, అప్పుడే నా కూడబుట్టినోడికీ నా మొగుడికీ నడుమ రహస్యమా? చెప్పు అన్నా. విరుదునగర్ నుంచి నువ్వు ఊరికే ఫోను చేసే మనిషివి కాదు…

"మదురైవాళ్లు సరేనన్నారు" అంటే? ఎవరు మదురైవాళ్లు?

ఆస్పత్రా!… అన్నా, ఆయనకు ఏమైంది? నా దగ్గర దాచొద్దు… ఏమీ కాలేదా? ఏమీ కాకుంటే ఆస్పత్రి ఏంటికి?

తలకా?…

ఎంటికలు నాటేదానికా!

లేదు, నవ్వలేదు. దగ్గు… సరే, కొంచెం నవ్వితిని. ఉండు, ఉండు. మొదటినుంచి చెప్పు. ఎవరు ఎవరిని అడిగినారు?

ఫోటోలు పంపినారా? తలకు నాలుగు పక్కలా? ఎవరు తీసినారు?… నువ్వా? ఎప్పుడు—

ఓ! మొన్న ఈడికి వచ్చినప్పుడు, ఇద్దరూ మేడమీదికి పోయి గంటసేపు దిగలేదే, అప్పుడా? గాలికి పోయినారని నేను మజ్జిగ పంపిస్తిని!

సరే, ఫోటోలు చూసి ఏమన్నారు?… వెనక దట్టంగా ఉందా. ఉంది, ఉంది. నాకు తెలవదా?… అయిదు వేలా? అయిదు వేల ఎంటికలా?… వేర్లా. ఒక్కో వేరుకు రెండు మూడు కూడా ఉంటాయా. సరే, వేర్లే అనుకో. రెండు రోజుల పని… ఆ తర్వాత పది రోజులు ఎండలో, దుమ్ములో తిరగకూడదు…

పది రోజులా? అన్నా, ఒక్క నిమిషం. వచ్చే నెల కోయంబత్తూరులో పది రోజుల ట్రైనింగు ఉందని చెప్పినారే, కంపెనీ పంపుతుందని… అదీ ఇదేనా?

చూడు! అగ్గిపెట్టెల కంపెనీ సూపర్‌వైజరుకు కోయంబత్తూరులో ఏం ట్రైనింగని నాకు అప్పుడే అనుమానమొచ్చె. బట్టల పెట్టె ఏది తేవాలని అడిగితే, చిన్నది చాలు అన్నారు. పది రోజులకు చిన్నదా!

సరే, ఎంతవుతుంది? వేరుకు ఎంత?… ముప్పై అయిదు. అయిదు వేల వేర్లకు లక్షా డెబ్బయి అయిదు వేలు. పన్నుతోనా, పన్ను లేకుండానా?… అడగలేదా? నువ్వు మిరపకాయల కమిషను కొట్లో కూర్చునే మనిషివి, బస్తాకు కూలి ఎంత, కుట్టేదానికి ఎంత అని అడగకుండా సరుకు కదలనివ్వవు. ఇదేమో అడగలేదా? పద్దెనిమిది శాతం అన్నా. రెండు లక్షలు దాటిపోయె. నేను బీకాం చదివింది దేనికి మరి?

మందులు?… సంవత్సరం వాడాలా? ఆ డబ్బు దీంట్లో చేరిందా?… చేరలేదు. రక్త పరీక్షలు?… చేరలేదు. అయితే చేరింది ఏది? … ఆపరేషనైనాక పెట్టుకునే టోపీనా? అది మాత్రం ఊరికే ఇస్తారా!

ఇంగొకటి. ఆ వేర్లు పీకేది ఎవరు? డాక్టరా?… డాక్టరు "చూసుకుంటారు" అంటే, పక్కన నిలబడి చూస్తారా, లేక ఫోటోలో నిలబడి చూస్తారా?… అది కూడా అడుగు.

మొలుస్తాయని ఏం నమ్మకం?… ఏమి? మొదటి నెలలోనే రాలిపోతాయా? రాలిపోయి మళ్లీ మొలుస్తాయా?… అన్నా, మన చేనులో మిరపనారు నాటితే ఎన్ని బతుకుతాయి, ఎన్ని ఎండుతాయని రోజూ పోయి చూస్తిమి. నారు అమ్మినోడు వచ్చి, "ఇప్పుడు ఎండిపోతాది, వచ్చే సంవత్సరం చూడు" అంటే నాయన ఊరుకునేవాడా?… అదే నిజమా? డాక్టర్లందరూ అట్లే చెప్తారా?… సరే, ఉండొచ్చు. నేను లేదనలేదు. అయినా ఈ రేటు రేపు సాయంత్రం వరకే అంటున్నారే, అది ఏంటికి? రేపు దాటితే ఆయన తలలో వేర్లు తక్కువైపోతాయా?

నాకు వద్దా కావాలా అని ఎవరైనా అడిగినారా?… నాకు ఆ తల అట్లుంటేనే ముద్దు అన్నా. నవ్వకు. స్నానం చేసి వస్తే నెత్తిమీద నీటి బొట్లు నిలబడతాయి చూడు, నేను కొంగుతో తుడుస్తా. ఒక్క తుడుపు, అంతే, అయిపోయె. నువ్వు అరగంట దువ్వుకుంటావు.

డబ్బు ఎక్కడిది ఆయనకు? అది చెప్పు మొదట… సగం ఉందా. మిగిలిన సగం?

ఎవరు?… నువ్వా?

అన్నా. మళ్లీ చెప్పు. నువ్వు సగం ఇస్తావా?

లేదు, నాకు అర్థం కాలేదు. బస్సులో కండక్టరు ఒక్క రూపాయి చిల్లర బాకీ ఉంటే దిగకుండా డిపో దాకా పోయినోడివి నువ్వు. జోతిలక్ష్మి వదిన ఒక్క చీర అడిగితే, దీపావళి ఏ నెలలో వస్తాదని అడిగినోడివి. నువ్వు మా ఆయన తలకు లక్ష రూపాయలు ఇస్తావా?

నీకు ఎంత కమిషను?… కోపం ఏంటికి? అడిగితిని, అంతే. తలకింత అని ఇస్తారా మదురైవాళ్లు? లేక ఒక తల తెస్తే నీ తలకు సగం రేటా? నీ నుదురు కూడా పైకి పోతా ఉంది, నేను చూడలేదనుకోకు…

అమ్మ మీద ఒట్టా? అమ్మను ఏంటికి లాగుతావు? ఒట్టు పెట్టేంత విషయం ఉందంటే, చెప్పాల్సిన విషయం కూడా ఉందని అర్థం.

ఏమి గొణుగుతావు? గట్టిగా చెప్పు…

ఏ ఫ్లెక్సు? మా పెండ్లి ఫ్లెక్సా?… అది ఆయన కంపెనీ స్నేహితులు కట్టింది గదా. కింద వరసగా నిలబడి, అందరూ చేతులు జోడించి…

వేరేదా? మంటపం వాకిట్లో కట్టిన పెద్దది… అది నువ్వు కట్టించినావా?

అయితే… ఆ ఎంటికలు?

అన్నా!

నల్లగా, నుదురు సగం కప్పేసి, మెరుస్తా… నువ్వు పెట్టమంటివా? నేను ఫ్లెక్సు కొట్టువాడి తప్పనుకుంటిని! వేరే పెండ్లికొడుకు తల తెచ్చి అంటించేసినాడని, ఇన్నాళ్లూ వాడిని తిడతా ఉంటిని!

బంధువులు ఏమంటారోనని భయమా? బంధువులు మంటపంలోకి వచ్చి మనిషిని చూడరా? ఫ్లెక్సును చూసి, చదివింపుల మొయ్యి రాయించి, అట్లే తిరిగి పోతారా?

ఆయన కారు దిగి, సరిగ్గా దాని కిందనే నిలబడె. నీకు గుర్తుందా? వెంబకోట్టై మూక్కమ్మాళ్ పెద్దమ్మ ఏమనె? "పెండ్లికొడుకు నాయన వచ్చేసినాడు, పెండ్లికొడుకు ఎప్పుడొస్తాడే?" అనె. అందరూ నవ్విరి. ఆయన కూడా నవ్వె… ఎంత మంచి మనిషి, కోపమే రాలేదని నేను మురిసిపోతిని.

ఉండు. ఒక్కటి చెప్పు. ఆ ఫోటో నీకు ఎక్కడిది?

ఆ ఫోటో అన్నా. నీలం చొక్కా, రైలు కిటికీ పక్కన. నిశ్చితార్థంలో తీసింది కాదు అది. ఆయన నాకు పంపింది. నాకు మాత్రమే…

నా ఫోన్లోనుంచా? నేను గోరింటాకు పెట్టుకొని రెండు చేతులూ చాచి కూర్చోని ఉంటే, "వీడియో తీసేవాడి నంబరు కావాలి, ఫోను ఇవ్వు" అంటివే… అప్పుడా?

అన్నా, నిదానంగా ఆలోచించు. నాకు ఒక్కదానికే పంపిన ఫోటో. పెండ్లికూతురి ఇంటివాళ్లు దానికి ఎంటికలు పెట్టి, వీధిలో కట్టినారు. ఆయన ఎవరు చేసినారనుకుంటారు?… చెప్పు, నీ నోటితోనే చెప్పు.

ఆ. నేనే అనుకుంటారు.

ఒక్క మాట అడగలేదు. ఆరోజునుంచి ఒక్క మాట… సాయంత్రమైతే మల్లెపూలు తెస్తారు, సినిమాకు తీసుకొని పోతారు. పోయేటప్పుడు టోపీ పెట్టుకుంటారు. లోపల లైట్లు ఆరిపోయినాకనే తీస్తారు. స్టైలని నేననుకుంటిని! "టోపీ మీకు ఎంత బాగుందండి" అని కూడా అంటిని. నాకేం తెలుసు? పెండ్లి ఫోటో గోడకు తగిలిద్దామంటే మేకు లేదన్నారు. మేకు తెచ్చి ఇస్తే, గోడ మంచిది కాదన్నారు. కొత్త గోడ అన్నా!

నువ్వు ఏడవకు. లక్ష రూపాయలతో అది సరిపోదు… నువ్వు మంచికే చేసినావు, నాకు తెలుసు. చెల్లెలికి బట్టతల మొగుడని నలుగురూ అంటారని నీకు బాధ. ఆ బాధ నాకు లేదే! నన్ను అడిగింటే ఒక్క నిమిషంలో చెప్పింటిని.

ఆపరేషను వద్దని నేను అనలేదు. ఆయన తల, ఆయన ఇష్టం. నిజంగా ఆయనకే కావాలంటే చేయించుకోనీ. వేరే రెండు ఆస్పత్రులు చూస్తాము, పన్ను, మందులు అన్నీ అడుగుతాము. నేనే ఆయన వెంబడి పోయి ఆడ కూర్చుంటా. కానీ నా కోసమని మాత్రం ఆయన తల కోయించుకోకూడదు. నాకు కావాలని నేను ఎప్పుడూ అడగలేదు, అది ఆయనకు తెలియాలి. అడ్వాన్సు కట్టకముందే తెలియాలి.

నేను చెప్పేదా? నేను చెప్తే నమ్ముతారా? దొరికిపోయి, తప్పును అన్నమీద తోసేసిందనుకుంటారు. నువ్వే చెప్పాలి…

వాట్సాపులోనా? వాయిస్ మెసేజా? సిగ్గు లేదా అన్నా నీకు? ఫ్లెక్సు మాత్రం పదడుగులు కట్టిస్తివే!

రేపు ఆదివారం. కొట్టు లేదు. పొద్దున ఏడున్నర బస్సు ఎక్కు. వదినను కూడా తీసుకొని రా, లేకుంటే నువ్వు నడుమ సాత్తూరులో దిగి తిరిగిపోతావు… మిఠాయి తేవద్దు. వేరుశెనగ మిఠాయికే పేరుపడిన ఊరు మా కోవిల్‌పట్టి, ఈడికి ఎవడైనా అదే తెస్తాడా? ఊరికే రా. వచ్చి, ఆయన ముందర కూర్చోని, ఫోటో ఎట్లా తీసుకున్నావో, ఎవరిని అడగకుండా చేసినావో చెప్పు. తిడితే తిట్లు తిను. ఆ తర్వాత ఇడ్లీ పెడతా, అది తిను.

ఉండు… నీళ్ల చప్పుడు ఆగిపోయె. వస్తా ఉన్నారు.

ఏమండి, తలుపు దగ్గరే నిలబడితిరేమి? లోపలికి రండి… మా అన్న… ఆ, మదురై సంగతి చెప్పినాడు… అంతా చెప్పినాడు.

లేదండి. కోపం లేదు. నిజంగా లేదు. మీరు కూర్చోండి మొదట… రేపు మదురైకి డబ్బు పంపొద్దండి, ఒక్క పూట ఆగండి. రేపు పొద్దున మా అన్నా వదినా వస్తారు. అన్న మీకు ఒక మాట చెప్పాలంట… ఇప్పుడే ఫోన్లో వద్దు. మీ మొగం చూసే చెప్పాలి.

అన్నా, విన్నావు గదా? "ఆయన నాకేం చెప్పాలి?" అని అడుగుతా ఉన్నారు. రాత్రంతా అడుగుతారు, నేను నోరు మూసుకోవాలి. ఏడున్నర బస్సు. వదిలేసినావో, మేమిద్దరమే బస్సెక్కి విరుదునగర్‌కు వచ్చి, మీ ఇంటి వాకిట్లో నిలబడి అడుగుతాము.

సరే. పెట్టేస్తా ఉన్నా.