రెండో బుధవారం

తార్నాకలో ఒక ఆసుపత్రి. నర్సింగ్ సూపరింటెండెంట్ జ్యోతిర్మయి గది. బల్లకు ఇవతల కుర్చీ ఖాళీగానే ఉంది గానీ, మెమో అందుకున్నవాళ్లు దాంట్లో కూర్చునే ఆనవాయితీ ఆ గదిలో లేదు. అందుకని మేల్ వార్డు నర్సు అమల పదకొండేళ్ల సర్వీసుతో సహా నిలబడే ఉంది.

“...గిది మూడోది. చదివినవా, ఉత్తగనే సంతకం పెట్టినవా?”

“చదివిన మేడమ్.”

“చదివితే ఏమర్థమైంది?”

“మూడు మెమోలైనయని.”

“మూడైతే ఏమైతదో గూడ కింద రాసి ఉన్నది. మార్చిల నీ కాంట్రాక్ట్ రెన్యువల్‌కు ఫైల్ పోదు. పదకొండేండ్ల సంది ఉన్న మనిషివి. నిన్ను పంపుడు నాకేమన్న సరదానా?”

“కాదు మేడమ్.”

“మరి నోరు తెరువు. నెలకు ఒక్క మీటింగ్. రెండో బుధవారం, మూడు గంటలకు. మాండేటరీ. ఐదు నెలల సంది రిజిస్టర్ల నీ పేరు ముంగట ఎర్ర గీతలే ఉన్నయ్. మొదటి రెండు మెమోలకు జవాబే రాయకపోతివి. ఎందుకు రాలే?”

“వచ్చిన మేడమ్.”

“ఏందీ?”

“మీటింగుకు వచ్చిన. ఐదుసార్లు వచ్చిన. మీరే రాలే.”

“నేను రాలేదా? అమలా, తెలివిల ఉండే మాట్లాడుతున్నవా? ఐదు మీటింగులు నేనే నడిపిన. డ్యూటీల ఉన్నోళ్లు గూడ వంతులేసుకొని వచ్చి సంతకం పెట్టి పోయిండ్రు. నీ గడి ఒక్కటే ఖాళీ.”

“ఏడ మేడమ్?”

“ఏడ అంటే? పైన. నాలుగో అంతస్తు, కొత్త హాలు.”

“ఓహో... పైననా.”

“మరి నువ్వేడికి పోయినవ్?”

“క్యాంపస్‌కు.”

“యూనివర్సిటీకా!”

“మీరే చెప్పిండ్రు గద మేడమ్, వానల దినాలల్ల. మన హాలు రిపేర్ల ఉన్నది, యూనివర్సిటీ వాళ్ల హాలు అడిగినం, ఇంక మీటింగులన్ని గాడనే అని. డ్యూటీ దిగి, యూనిఫాం మార్చుకొని, నడుచుకుంట పోతున్న.”

“రిపేర్ అయిపోయి ఐదు నెలలాయె! సరే, మొదటిసారి తెల్వక పోయినవ్. గాడ ఎవ్వలు లేకపోయిరి. రెండోసారి ఎందుకు పోయినవ్?”

“మొదటిసారి క్యాన్సిలైందేమో అనుకున్న. పరశురాం అని అటెండర్ ఉంటడు గాడ. తాళం తీసి, ‘ఒక్కరేనా మేడమ్’ అన్నడు. లేదు, ఎనక వస్తున్నరు అన్న. నాలుగింటిదాక కూసున్న.”

“రెండోసారి?”

“గట్లనే.”

“మూడోసారి?”

“మూడోసారి ఆయనే ముందుగాల ఫ్యాను వేసి పెట్టిండు. నాలుగోసారి, ‘మీవోళ్లు మస్తు బిజీ ఉన్నట్టున్నరు మేడమ్’ అన్నడు. నన్ను నొప్పియ్యొద్దని. మంచోడు.”

“నవ్వాల్నా ఏడ్వాల్నా నేను? అరే, ఎవర్నన్న ఒక్క మాట అడగకపోతివా?”

“శైలజను అడిగిన.”

“ఏమన్నది?”

“డ్యూటీ అప్పజెప్పే తొందరల ఉండె. ‘గ్రూపుల చూస్కో అక్కా’ అన్నది.”

“సక్కగ చెప్పింది. చూస్కోవద్దా మరి? ప్రతిసారి వాట్సాప్ గ్రూపుల పెడ్తున్న. తేదీ, టైం, నాలుగో అంతస్తు అని. నువ్వేమో బొటనవేలు బొమ్మ పెడ్తవ్.”

“నేనా?”

“నువ్వు కాకుంటె నేనా? నలభై మూడు మందిల, నేను మెసేజ్ పెట్టంగనే ముందుగాల వచ్చేది నీ బొటనవేలే. వస్తనని బొటనవేలు పెట్టుడు, రాకపోవుడు. గిది లెక్క లేనితనం కాదా? రానోళ్ల మీద నాకంత కోపం రాదు అమలా. వస్తనని రానోళ్ల మీద వస్తది.”

“నేను పెట్టలే మేడమ్.”

“అబద్ధం గూడనా.”

“నేను పెట్టలే.”

“చూడు, నేనీ మాట అనొద్దనుకున్న. అనిపిస్తున్నవ్. మా అమ్మ పోయినప్పుడు గ్రూపుల పెట్టిన. అందరు దండం బొమ్మలు పెట్టి ఊకున్నరు. ఒక్కొక్కలకు అది గూడ తీరలే. నువ్వొక్కదానివి రాసినవ్, ‘మేడమ్, ఇంత అన్నం తిన్నరా?’ అని. పదకొండో దినం మళ్ల అడిగినవ్. ఆ మెసేజ్ ఎన్నిసార్లు తీసి చూసుకున్ననో నీకు తెల్సా? డ్యూటీకొచ్చినంక కారిడార్ల ఎదురొస్తివి. నిలబడి మాట్లాడుతవేమో అనుకున్న. తల దించుకొని గోడ పొంటి పోతివి. ఫోన్ల ఒక మనిషివి, బయట ఒక మనిషివా?”

“మేడమ్... మీ అమ్మ పోయిందా?”

“ఏందీ, గిప్పుడడుగుతున్నవా?”

“నాకు తెల్వదు మేడమ్. మీరు పదిహేను దినాలు రాకపోతే ఊరికి పోయిండ్రనుకున్న. ఎప్పుడు పోయింది?”

“అమలా, నాతోని ఆటలాడకు.”

“నేను గ్రూపుల లేను మేడమ్.”

“లేకపోవుడేంది?”

“ఐదు నెలలాయె. మీరే తీసేసిండ్రు.”

“నేనా! నేనెందుకు తీస్తనే నిన్ను?”

“ఫోన్ల వచ్చింది. ‘జ్యోతిర్మయి మేడమ్ మిమ్మల్ని తొలగించారు’ అని. నా ఫోను తెలుగుల పెట్టుకున్న, తెలుగులనే వచ్చింది.”

“ఉత్తగనే ఎందుకు తీస్త?”

“క్యాంపస్ హాల్ల పెట్టిన మీటింగుల నేను అడిగిన గద. మార్నింగ్ డ్యూటీ రెండింటికి దిగుతం, మూడింటిదాక కూసోబెట్టి మీటింగ్ ఎందుకు, డ్యూటీ టైంలనే పెడితె ఏమైతది అని. లేచి నిలబడి అడిగిన. మీరు జవాబియ్యలే. రెండు దినాలకు తీసేసిండ్రు. ఓహో, గందుకే అనుకున్న.”

“నువ్వా అడిగింది?”

“నేనే.”

“ఎవరో అడిగినట్టున్నరు... నాకు యాదికే లేదు అమలా.”

“ఐదు నెలల సంది నాకు అదే యాది మేడమ్. గంత మందిల ఎందుకు లేచినరా దేవుడా అని.”

“కూసో.”

“పర్వాలే మేడమ్.”

“కూసోమంటున్న.”

అమల కూర్చుంది, కుర్చీ అంచు మీద.

“మరి నువ్వు గ్రూపుల లేకుంటె గీ బొటనవేలెవరిది? ఆగు, లిస్టు తీస్త. నెల నెలా గీ లిస్టు ఫొటో తీసి ఎచ్చార్ ఆఫీసుకు పంపాలె నేను. స్టాఫ్ నలభై మూడు, గ్రూపుల నలభై మూడు. బయటోళ్లు ఒక్కలున్నా నా మెడకే చుట్టుకుంటది. గిదిగో, అమల. గులాబి పువ్వు బొమ్మ.”

“నాది గులాబి కాదు. నేను బొమ్మనే పెట్టుకోలే.”

“నీ నంబర్ చివర ఎంత?”

“నలభై ఆరు.”

“గీడ డెబ్బై తొమ్మిది ఉన్నది.”

“అది ఐసీయూ అమలది మేడమ్.”

“ఏ ఐసీయూ అమల?”

“నాయనకు పక్షవాతమొస్తె రాజీనామా పెట్టి మౌలాలికి పోయింది గద. నన్ను తీసేసిన వారంలనే.”

“అయ్యో... నా ఫోన్ల అమల ఒకటి, అమల రెండు అని రాసుకున్న. ఒకటెవరు, రెండెవరు... పోయినామెను తీసేస్తున్న అనుకొని...”

“ఉన్నదాన్ని తీసిండ్రు.”

“తీసినంక లెక్కపెట్టుకున్న గూడ. నలభై మూడే ఉన్నరు. ఒక్క అమలనే ఉన్నది. సరిపాయె అనుకున్న.”

“సరిపోయింది మేడమ్.”

“నువ్వన్న అడగొద్దా? గీ తలుపు తోసుకొని వచ్చి, ఎందుకు తీసిండ్రు అని?”

“ఏమని అడగాలె? శరమనిపించింది. వార్డుల అందరు ఫోన్ చూసి నవ్వుతరు, గ్రూపుల ఎవరో ఏదో పెట్టి ఉంటరు. నాకు రాలే అంటె, నిన్ను తీసేసిండ్రా అని అడుగుతరు. అందుకని వాళ్లతోని నేను గూడ నవ్విన. వారాసిగూడల రూముకు పోయి తాళం తీసినంక ఫోన్ చూస్త. కరెంట్ బిల్లు మెసేజ్ ఉంటది. గంతే.”

“మరి రెండు మెమోలొచ్చినంకన్న తెల్వాలె గద, మీటింగ్ వేరే దగ్గర ఐతున్నదని. మళ్ల క్యాంపస్‌కెందుకు పోయినవ్?”

“తెల్సింది.”

“తెల్సి పోయినవా?”

“ఏడికి పోవాలె మేడమ్? ఆ దినం ఇంటికి పోతె రెండింటి సంది రూముల ఒక్కదాన్నే. గాడికి పోతె, మీటింగుకు పోతున్న అని నాకు నేను చెప్పుకోవచ్చు. రోడ్డు పొంటి పిల్లలు పుస్తకాలు పట్టుకొని పోతుంటరు, వాళ్లను చూసుకుంట పోత. ఎవ్వలన్న ఒక్కలు నా లెక్క తప్పిపోయి వస్తరేమో అని గూడ అనుకున్న. రాలే.”

“పిచ్చిదానివే నువ్వు... ఉండు. ముందుగాల గీమె సంగతి చూస్త. నౌకరి ఇడిసిపెట్టి ఐదు నెలలాయె, మన మీటింగుల ముచ్చట్లన్ని చదువుకుంట కూసున్నది. ఎంత ధైర్యం! రూల్ అంటె రూల్. స్పీకర్ల పెడ్త, నువ్వు గూడ విను. ఆమెను తీసుడు, నిన్ను ఎక్కిచ్చుడు, గీ మెమో చింపుడు. రెండు నిమిషాల పని.”

“జర నిమ్మళంగ మాట్లాడుండ్రి మేడమ్. ఆమె గూడ...”

“ఎట్ల మాట్లాడాలెనో నాకు తెల్సు... హలో! అమలనా?”

“మేడమ్! నమస్తే మేడమ్! ఇయ్యాల పొద్దుగాల గ్రూపుల మీ గుడ్ మార్నింగ్ రాలే. పాణం బాగలేదేమో, ఫోన్ చెయ్యాల్నా వద్దా అనుకుంట గిప్పటిదాక ఫోను చేతిలనే పట్టుకొని కూసున్న.”

“పాణం... బాగనే ఉన్నది. చూడమ్మా, నేనెందుకు చేసిననంటె...”

“తెల్సు మేడమ్.”

“ఏం తెల్సు?”

“తీసేస్తరు గద. నేనే ఎల్లిపోవాలె, తప్పు అని రోజు అనుకుంట. మీరు మర్సిపోయిండ్రేమోనని చప్పుడు చెయ్యక ఉన్న. ఇండ్ల నేను, మా నాయన. ఆయనకు మాట పడిపోయింది మేడమ్. ఏదన్న అడిగితె కండ్లు మూసి తెరుస్తడు, గంతే. తెల్లారి లేస్తె నా ఫోనుకు వచ్చే మనిషి మాట మీ గుడ్ మార్నింగ్ ఒక్కటే. మీటింగ్ దినమైతె ఆయనకు తినవెట్టుడు, తుడుసుడు, పక్క మార్సుడు అన్ని మూడింటికి ముందే చేస్కుంట. మీరందరు గాడ కూసున్నరు గదా అని నేను గూడ గీడ ఊకెనే కూసుంట.”

“...”

“మేడమ్? లైన్ల ఉన్నరా?”

“ఉన్న.”

“తీసెయ్యుండ్రి మేడమ్, నేనేం అనుకోను. మీరు తిన్నరా?”

“తిన్న... తీసేసుడేంది? ఎవరన్నరు నీకు? రేపటి మీటింగ్ మెసేజ్‌కు నీ బొటనవేలు రాలే, ఎట్లున్నవో ఏమో అని చేసిన.”

“నిన్ననే పెట్టిన గద మేడమ్?”

“పెట్టినవా? నా కండ్లు కాలిపోను, చూస్కోలే. మంచిది. నాయన పైలం. ఉంట.”

జ్యోతిర్మయి ఫోన్ పెట్టేసి తలెత్తింది. అమల ఆమెనే చూస్తోంది.

“అట్ల చూడకు అమలా.”

“నేనేం అనలే మేడమ్.”

“ఆ మెమో ఇటియ్యి. చింపేస్త. మార్చిల నీ ఫైల్ పోతది, అది నా పూచీ. రిజిస్టర్ల ఎర్ర గీతల మీద నేనే ‘హాజరు’ అని రాస్త. వచ్చినవ్ గద మరి, మేమే రాకపోతిమి.”

“సరే మేడమ్.”

“కానీ... లిస్టుల నలభై మూడే ఉండాలె. ఒక్క అమలనే ఉండాలె. నలభై నాలుగైతె గీ రెండో అమల ఎవరని ఎచ్చార్ అడుగుతది.”

“అర్థమైంది.”

“ఏమర్థమైంది?”

“నన్ను ఎక్కియ్యరు.”

“కోపమొచ్చిందా?”

“వచ్చింది మేడమ్. ఐదు నెలలు బయట నిలబడ్డ. ఇప్పుడే తలుపు తీసిండ్రు అనుకున్న. తీసినట్టే తీసి...”

“నన్నేం చెయ్యమంటవ్ చెప్పు. ఆమెను తీసెయ్యమంటె నీ ముంగటనే తీసేస్త. ఫోను నీ చేతికే ఇస్త, నువ్వే తియ్యి. ఇంద.”

“...వద్దు మేడమ్. నాతోని కాదు.”

“నాతోని గూడ కాలే గద. పేషెంట్ల సంగతులు అండ్ల రాయొద్దని అందరికి చెప్త. నువ్వు జర సబర్ చెయ్యి. మీటింగ్ ఉన్నప్పుడల్లా నీకు నేను విడిగ మెసేజ్ పెడ్త. నా ఫోన్‌కెళ్లి, నీ ఒక్కదానికే. ఏమంటవ్?”

“...సరే మేడమ్. మరి, పొద్దుగాల గుడ్ మార్నింగ్ గూడ పెడ్తరా?”