మాస్టారి బేరింగులు

(బేరింగుల షాపు. కౌంటరుకి అవతల అమ్మాయి, ఇవతల డ్రాయింగు మాస్టారు. షాపు అమ్మాయి మేనమామది. ఆయన లోపలి గదిలో అట్టపెట్టెలు విప్పుకుంటున్నాడు.)

"ఏనుగేమిటి మాస్టారూ? పిచ్చుక బొమ్మ కోస్తున్నానన్నారుగా?"

"గీసింది పిచ్చుకనేనండీ. కంప్యూటర్లోనూ పిచ్చుకే ఉంది. నేను ఇంట్లో బిగించుకుంటున్న మిషను చెక్క మీద కొయ్యడం మొదలెట్టేసరికి రెండింతలై కోడయింది. మీకు ఫోను చేస్తే, మోటారుని తిప్పే డ్రైవరు బోర్డు మీద చిన్న చిన్న స్విచ్చులుంటాయి, మార్చమన్నారు."

"అన్నాను. మార్చారా?"

"మార్చాను. కోడి కాస్తా ఏనుగైంది. ముక్కు చెక్క మీద పడింది, తోక మా అమ్మ భోజనాల బల్ల మీద."

"అయ్యయ్యో! బల్ల కోసేసిందా?"

"శుభ్రంగా. తోక మాత్రం భలే కుదిరింది."

"నవ్వించకండి మాస్టారూ, మామయ్య లోపలే ఉన్నాడు. అమ్మగారేమన్నారు?"

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం విన్నానుగానీ, బల్ల మీద పిచ్చుకాస్త్రం ఇప్పుడే చూస్తున్నానురా అంది."

"స్విచ్చులు కిందికి నొక్కమన్నానా, పైకి ఎత్తమన్నానా?"

"కిందికి."

"పైకి అనాల్సింది."

"అసలు గొడవ స్విచ్చులది కాదులెండి. కోసే బ్లేడుని నడిపే బాల్ స్క్రూది. ఒక చుట్టు తిరిగితే అయిదు మిల్లీమీటర్లు నడిచేది అడిగాను. మీరిచ్చింది పది నడుస్తోంది."

"అమ్మాయీ! పదిది ఎవరిచ్చారే?"

"ఎవరూ ఇవ్వలేదు మామయ్యా! నువ్వు పని చూసుకో."

"ఎవరూ ఇవ్వకపోతే బాల్ స్క్రూ దానంతటదే నడుచుకుంటూ వెళ్ళిందా? ఉండు, వస్తున్నా."

"పోనివ్వండి సార్, చిన్న విషయం. మీరు రాకండి."

"వచ్చేశాలెండి మాస్టారూ. ఆ చేతిలోదేంటి?"

"బేరింగండీ."

"మొన్న కూడా బేరింగు పట్టుకునేగా నిలబడ్డారు?"

"అది వేరండీ. స్క్రూ చివర పది మిల్లీమీటర్ల లావు. మొదట ఇచ్చిన బేరింగు లోపలి బోరు పన్నెండు. స్క్రూకి తొడిగితే గిలక్కాయలా ఆడింది. ఇది మార్చి ఇచ్చినది. లోపల సరిపోయింది, బయట లావెక్కువ. దాని గూట్లో కూర్చోనని మొరాయిస్తోంది."

"ఇంత జరిగితే ఒక్క మాటనరేం? పిండిమర ఆయనైతే ఈపాటికి షాపు పీకి పందిరేసేవాడు."

"ఎందుకులెండి. ఇటువైపు ఎలాగూ పనుండి వస్తూనే ఉంటాను."

"మీ స్కూలు ఊరికి ఆ చివరగా?"

"అవుననుకోండి. ఇటువైపు గాలి బాగుంటుంది."

"గ్రీజు కంపు కొట్టే వీధిలో గాలా?"

"అలవాటైపోయిందండీ."

"నువ్వు చెప్పవే. నిన్న పిండిమర ఆయన పగిలిన బేరింగు పెంకు తెచ్చి చూపిస్తే చేత్తో తడిమి నంబరు చెప్పావు. పదికీ పన్నెండుకీ తేడా తెలీదా నీకు?"

"తెలుసు."

"తెలిసే ఇచ్చావా?"

"తెలీదు."

"తెలుసా, తెలీదా?"

"షాపు రద్దీగా ఉంది మామయ్యా ఆవేళ."

"ఆదివారం పొద్దున్న, షట్టరు సగం ఎత్తి ఉన్నప్పుడు రద్దీనా?"

"సార్, పొరపాటు నాదేనేమో. నేనే సరిగ్గా అడగలేదేమో."

"ఇప్పుడేగా మాస్టారూ, అయిదుది అడిగానన్నారు?"

"అడిగాను. మెల్లగా అడిగాను."

"గుమ్మడికాయల దొంగెవరంటే ఇద్దరూ కలిసి భుజాలు తడుముకుంటున్నారేం? ఇదిగో అమ్మాయీ, ఒకటే మాట. రేపట్నుంచి నువ్వు గోడౌన్లో కూర్చో. కౌంటరు నేను చూసుకుంటా."

"మామయ్యా! గోడౌన్లోకి ఈగ కూడా రాదు!"

"అందుకే. అక్కడైతే ఎవరికీ తప్పు సరుకు ఇవ్వలేవు. నా షాపు పేరు చెడిపోతోంది."

"వద్దండీ సార్. అంత శిక్ష ఎందుకు? నేనేమీ ఫిర్యాదు చెయ్యలేదు కదా!"

"మీ మంచితనం అలా ఉంచండి. మీ సరుకు నేనే దగ్గరుండి తీస్తాను. అయిదు నడిచే బాల్ స్క్రూలు, రెండు చివర్లకీ బేరింగులు, వాటి గూళ్ళు. స్విచ్చులు ఏవి పైకో ఏవి కిందికో పెట్టె మీద బొమ్మ గీసిస్తా. అన్నీ ఒకేసారి పట్టుకుపోండి. ఇంక మీరు ఇంత దూరం రానక్కర్లేదు."

"అన్నీనా?"

"ఒకేసారా మామయ్యా?"

"ఏం? పిడుగు పడ్డట్టు చూస్తారేం ఇద్దరూ?"

"ఇవాళ్టికి ఒక్క బేరింగు చాలండీ. మిగతావి మెల్లగా చూసుకుందాం."

"అయిదువి స్టాకు లేవు మామయ్యా."

"అటక నిండా ఉన్నాయి. మొన్న నువ్వేగా ఎక్కించావు?"

"అవి... అవి తుప్పు పట్టాయి."

"మొన్న ఎక్కించినవి ఇవాళ తుప్పా? అమ్మాయీ, ఇలా చూడు. నా కళ్ళలోకి చూసి చెప్పు. ఊళ్ళో ఎవరికీ తప్పని నీ చెయ్యి ఈ మాస్టారికే ఎందుకు తప్పుతోంది?"

"తప్పలేదు. కావాలనే ఇచ్చాను."

"ఏంటీ?"

"సరైనవి ఇస్తే ఆ మిషను తిరుగుతుంది. తిరిగిందంటే ఆయన తలుపేసుకుని ఇంట్లో పిచ్చుకలు కోసుకుంటూ కూర్చుంటారు. ఇంక ఇటెందుకొస్తారు?"

"ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

"గోడౌనుకి పంపుతావో, ఇంటికే పంపుతావో నీ ఇష్టం. చెప్పేశాను. మాస్టారూ, మీరు నాకేసి చూడకండి."

"మాస్టారూ, మీకు దండం పెడతాను. ఈ పిల్ల చేతిలో మీ మిషను ఆగిపోయింది, మీ అమ్మగారి బల్ల తెగిపోయింది. మీరేమన్నా పడతాం. ఏమనాలో అనేయండి."

"ఏమనను మామయ్యగారూ? నా చొక్కా జేబులో కొలతలు తీసే వెర్నియరు ఎప్పుడూ ఉంటుంది. ఆవిడ ఇచ్చిన ప్రతిదీ మీ గుమ్మం దిగకముందే కొలుచుకున్నాను."